బ్రేకుకు బలమిచ్చే గాలి

ఖమ్మం జిల్లా దక్షిణపు అంచున, ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొని మధిర పట్టణం ఉన్నది. దాని చెంత వైరా నది పారుతున్నది. కాజీపేట నుండి విజయవాడకు పోయే రైలు మార్గం ఈ ఊరి మీదుగానే సాగుతున్నది. చుట్టుపక్కల పల్లెలలో మిరప, పత్తి పండుతాయి. ఒకప్పుడు ఎడ్లబండ్లు మోసిన బస్తాలను నేడు పికప్పు ట్రక్కులు మోస్తున్నాయి. ముందు డ్రైవరు గది, వెనుక తెరచిన తొట్టె గల ఈ చిన్న బండి రైతుకూ మార్కెట్టుకూ మధ్య నడిచే ముఖ్యమైన వాహనం అయినది.

ఇట్టి బండికి అప్పుడప్పుడు ఒక జబ్బు వస్తుంది. నిన్నటి వరకు మెత్తగా దిగిన బ్రేకు పెడలు ఈనాడు రాయివలె బిగుసుకొంటుంది. ఎంత తొక్కినా కొంచెమే దిగుతుంది. బండి ఆగవలసిన చోట ఆగక, ముందుకు సాగిపోయి ఎక్కడో ఆగుతుంది. కొందరు దీనిని జబ్బుగానే ఎంచరు. "బ్రేకు టైటుగా ఉంది, మంచిదే" అని సరిపెట్టుకొంటారు. పెడలు అడుగంటా దిగిపోతే భయపడతారు గాని, గట్టిపడితే భయపడరు. నిజానికి రెండూ జబ్బులే. కాని అవి ఒకదానికొకటి ఎదురైనవి. ఒకదానికి ఉపాయమైనది రెండవదానికి అపాయమవుతుంది. ఈ తేడా మనసుకు పట్టాలంటే బ్రేకులోనికి గాలి ఎట్లు ప్రవేశించినదో తెలియాలి. దాదాపు నాలుగు శతాబ్దాల ఆ చరిత్రలో ఒక అధ్యాయం రైలు పట్టాల మీదనే నడచినది.

శూన్యం లాగదు, గాలి నెడుతుంది

ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు టారిసెల్లీ 1643లో ఒక ప్రయోగం తలపెట్టాడు. ఒక కొన మూసిన పొడవైన గాజు గొట్టాన్ని పాదరసంతో నింపి, పాదరసపు తొట్టిలో తలక్రిందులుగా నిలిపినప్పుడు, పాదరసం పూర్తిగా జారిపోక సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలిచిపోయినది. పైన ఏర్పడిన ఖాళీ ఆ పాదరసాన్ని పట్టి లాగడం లేదు. తొట్టిలోని పాదరసం మీద బయటి గాలి ఒత్తడం వలననే గొట్టంలో అది నిలబడినది. మనమందరం గాలి అనే సముద్రం అడుగున జీవిస్తున్నాము. ఆ గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలోగ్రాము బరువుతో ఒత్తుతున్నది. అన్ని వైపుల నుండి సమంగా ఒత్తడం వలన మనకు తెలియడం లేదు.

కొబ్బరి బొండంలో గొట్టం పెట్టి నీరు త్రాగేటప్పుడు నీటిని నోటితో లాగుతున్నామని అనుకొంటాము. నోరు చేసే పని గొట్టంలో గాలిని తగ్గించడం మాత్రమే. నీటిని పైకి నెట్టేది బయటి గాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొంటే బ్రేకు కథ అంతా సులభంగా అర్థమవుతుంది.

జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరాధ్యక్షుడు ఓటో ఫాన్ గెరికె గాలిని తోడే పంపును నిర్మించి, 1650 దశకంలో గొప్ప ప్రదర్శనలు చేశాడు. సుమారు అర మీటరు వ్యాసం గల రెండు లోహపు అర్ధగోళాలను అంచులు కలిపి నిలిపి, లోపలి గాలిని తోడివేశాడు. ఇరువైపులా గుర్రాల జట్లను కట్టి లాగించినా అవి సులభంగా విడిపోలేదు. తిత్తి తెరచి గాలిని లోనికి వదలగానే చేతితో తాకితేనే విడిపోయాయి. గాలికి ఇంత బలమున్నదని లోకానికి కళ్ళకు కట్టినట్లు తెలిసినది అప్పుడే.

ఇదే కాలపు ఫ్రెంచి మేధావి పాస్కల్ మరొక సూత్రాన్ని వివరించాడు. మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒక చోట ఒత్తితే ఆ ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా ప్రసరిస్తుంది. ఆయన గ్రంథం మరణానంతరం 1663లో అచ్చయినది. గెరికె చూపిన గాలి బలమూ, పాస్కల్ చెప్పిన ద్రవ సూత్రమూ రెండున్నర శతాబ్దాలకు పైగా వేర్వేరు దారులలో నడచి, చివరకు మోటారు బండి బ్రేకులో కలుసుకొన్నాయి.

రైలు నేర్పిన పాఠం

తొలినాటి రైళ్ళకు నేటివలె బండి అంతటికీ ఒకే బ్రేకు లేదు. ఇంజను డ్రైవరు ఈల వేస్తే అక్కడక్కడ బ్రేకు వ్యానులలో ఉన్న గార్డులు చేతి చక్రాలు త్రిప్పి బండిని ఆపేవారు. రైలు పొడవూ వేగమూ పెరిగిన కొద్దీ ఈ పద్ధతి చాలలేదు. అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో సంపీడన వాయువుతో, అనగా నొక్కిపెట్టిన గాలితో పనిచేసే బ్రేకును రూపొందించాడు. బ్రిటను దేశపు రైలు కంపెనీలు పెక్కు వేరొక మార్గం ఎన్నుకొన్నాయి. బోగీల కింద ఒక గొట్టం పరచి, ఆవిరి బలంతో అందులోని గాలిని తోడివేసే ఏర్పాటు అది. దానికి వాక్యూమ్ బ్రేకు అని పేరు.

ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది సాధారణ రకం. ఇందులో గొట్టంలో శూన్యం ఏర్పరచినప్పుడు బ్రేకు పడుతుంది. శూన్యం పోతే బ్రేకు వదలిపోతుంది. రెండవది స్వయంచాలక రకం. ఇందులో ప్రయాణం సాగినంతసేపూ గొట్టంలో శూన్యం నిలిపి ఉంచుతారు. గొట్టంలోనికి గాలి వస్తే బ్రేకు పడుతుంది. పైకి చిన్న తేడాగా కనిపించినా, ఈ రెండింటి మధ్య ఉన్నది ప్రాణాలకు సంబంధించిన తేడా.

ఐర్లండులోని ఆర్మా పట్టణం వద్ద 1889 జూన్ 12న ఆ తేడా ఘోరంగా బయటపడినది. పిల్లలతో నిండిన విహారయాత్రా రైలు ఒక ఎత్తు ఎక్కలేక నిలిచిపోయినది. బండిని రెండుగా విడదీసి ముందు భాగాన్ని మొదట తీసుకొని పోవాలని సిబ్బంది నిశ్చయించారు. ఆ రైలుకు ఉన్నది సాధారణ రకపు వాక్యూమ్ బ్రేకు. బోగీలను విడదీయగానే వెనుక భాగంలో శూన్యం పోయినది. శూన్యంతో పాటు బ్రేకూ పోయినది. ఒక చేతి బ్రేకూ, చక్రాల కింద పెట్టిన రాళ్ళూ ఆ బరువును ఆపలేకపోయాయి. వెనుక బోగీలు వాలు వెంట దొర్లిపోయి, వెనుక వస్తున్న మరో రైలును గుద్దుకొన్నాయి. దాదాపు 80 మంది మరణించారు. వారిలో పెక్కుమంది పిల్లలు. అదే సంవత్సరం బ్రిటిషు పార్లమెంటు చట్టం చేసి, ప్రయాణికుల రైళ్ళకు స్వయంచాలకమైన బ్రేకు తప్పనిసరి చేసినది.

నిజాం రాజ్యపు రైలు మార్గం బెజవాడ చేరినదీ ఆ 1889లోనే. సికిందరాబాదు నుండి కాజీపేట, డోర్నకల్లు, ఖమ్మం, మధిరల మీదుగా కృష్ణా తీరానికి రైలు వచ్చినది. తరువాతి కాలంలో భారతీయ రైళ్ళలో విస్తారంగా వాడుకలోనికి వచ్చినది స్వయంచాలక వాక్యూమ్ బ్రేకే. ఇరవయ్యో శతాబ్దంలో చాలా భాగం అది మన ప్రయాణికులను కాపాడినది. 1980ల తరువాత క్రమంగా సంపీడన వాయు బ్రేకులు దాని స్థానం ఆక్రమించాయి. పెద్దవారికి గొలుసు లాగిన రోజులు గుర్తుండవచ్చు. ఆ గొలుసు లాగినప్పుడు జరిగినది ఇంతే: బోగీ మీది కవాటం తెరచుకొని, శూన్యంగా ఉన్న గొట్టంలోనికి గాలి ప్రవేశించేది. గాలి ముషలకాన్ని నెట్టేది, ముషలకం బ్రేకు చెక్కలను చక్రాలకు ఒత్తేది. గొట్టం తెగినా, బోగీ విడిపోయినా ఫలితం అదే. శూన్యం పోతే బండి ఆగుతుంది. ఇదే ఆర్మా నేర్పిన పాఠం.

రాదారి మీదికి

హైదరాబాదు సంస్థానంలో ప్రభుత్వ బస్సులను మొదట నడిపినదీ రైలు సంస్థయే. నిజాం స్టేట్ రైల్వేకు అనుబంధంగా 1932 జూన్‌లో రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ఆరంభమైనది. ఆనాటి బస్సులలో స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బండ్లు పేరుపొందినవి. ఆ శాఖయే అనేక మార్పులు చెంది 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థలో భాగమైనది.

తొలినాటి మోటారు బండ్లలో పెడలుకూ చక్రానికీ మధ్య ఇనుప కడ్డీలు, తీగలు ఉండేవి. ఒక చక్రానికి ఎక్కువ, ఒక చక్రానికి తక్కువ బలం అందేది. అమెరికాకు చెందిన మాల్కమ్ లౌహెడ్ పాస్కల్ సూత్రాన్ని ఆశ్రయించి, కడ్డీలకు బదులు ద్రవంతో నిండిన గొట్టాలను వాడాడు. 1917లో ఆయనకు పేటెంటు లభించినది. 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ ద్రవపు బ్రేకులు వచ్చాయి. ఇప్పుడు నాలుగు చక్రాలకూ ఒత్తిడి సమానంగా అందినది. కాని ఆ ఒత్తిడిని పుట్టించేది మాత్రం డ్రైవరు కాలే. బండి బరువు పెరిగితే కాలికి శ్రమ పెరిగేది.

బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ దెవాంద్ర్ ఈ శ్రమను గాలికి అప్పగించాడు. ఆయన రూపొందించిన శూన్య సహాయక యంత్రాన్ని 1927లో జర్మనీకి చెందిన బోష్ కంపెనీ తయారు చేసి లారీలకు అమర్చసాగినది. మరుసటి ఏడు అమెరికాలో పియర్స్ ఆరో కార్లకు ఇట్టి ఏర్పాటు వచ్చినది. మెకానిక్కులు నేడు బూస్టరు అని పిలిచేది ఆ యంత్రపు వారసుడినే.

బూస్టరు లోపల

పికప్పు ట్రక్కులో డ్రైవరు ఎదుటి గోడకు అవతల, ఇంజను వైపున, పళ్ళెం రెండు బోర్లించినట్లు గుండ్రని నల్లని రేకు డబ్బా కనిపిస్తుంది. అదే బూస్టరు. దాని మధ్యలో ఒక రబ్బరు పొర అడ్డంగా ఉంటుంది. పెడలు తొక్కనంతసేపూ పొరకు రెండు వైపులా శూన్యం ఉంటుంది. పెడలు తొక్కగానే ఒక చిన్న కవాటం కదలి, పొరకు డ్రైవరు వైపునకు మాత్రమే బయటి గాలిని వదులుతుంది. అవతలి వైపు శూన్యం అట్లే ఉంటుంది. గెరికె గోళాల మీద ఒత్తిన గాలియే ఇక్కడ రబ్బరు పొరను ముందుకు నెడుతుంది. పొర మాస్టర్ సిలిండరు కడ్డీని నెడుతుంది. అక్కడ నుండి పని పాస్కల్ సూత్రానిది.

ఒక లెక్క వేద్దాము. పొర వ్యాసం 23 సెంటీమీటర్లనుకొంటే దాని వైశాల్యం సుమారు 415 చదరపు సెంటీమీటర్లు. లోపల 50 సెంటీమీటర్ల పాదరసానికి సరిపడు శూన్యమున్నచో, ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు 0.68 కిలోల బలం పడుతుంది. మొత్తం సుమారు 280 కిలోలు. డ్రైవరు కాలితో 20 కిలోల బలం వేస్తే, పెడలు తులాదండం వలె పనిచేసి దానిని నాలుగు రెట్లు చేసినచో 80 కిలోలు. గాలి సాయం పూర్తిగా అందినప్పుడు మొత్తం 360. గాలి లేకుండా ఇంత బలం కావాలంటే డ్రైవరు 90 కిలోల బలంతో తొక్కాలి. నిలబడి ఒక మనిషి తన బరువంతా వేసినా చాలదు. పెడలు గట్టిపడినదంటే 280 కిలోల బలమిచ్చే సహాయకుడు పని మానివేశాడని అర్థం.

ఈ శూన్యం ఎక్కడి నుండి వస్తుంది? పెట్రోలు ఇంజనులోనికి పోయే గాలిని ఒక మూత అదుపు చేస్తుంది. మూత దగ్గరగా ఉన్నప్పుడు ఇంజను గాలిని పీల్చబోగా అవతలి గొట్టంలో శూన్యం తానే ఏర్పడుతుంది. డీజిలు ఇంజనులో సాధారణంగా గాలిని అట్లు బిగించే పద్ధతి లేదు. అందువలన డీజిలు బండికి ప్రత్యేకంగా వాక్యూమ్ పంపు కావాలి. కొన్ని బండ్లలో అది బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు వెనుకనే అమరి, ఒకే బెల్టుతో తిరుగుతుంది.

జబ్బును కనిపెట్టే తీరు

వైద్యుడు నాడి చూచినట్లు, ముందుగా చదును నేల మీద బండిని నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి మూడు పరీక్షలు చేయవచ్చు. వీటికి పనిముట్లు అక్కర లేదు.

మొదటి పరీక్ష: ఇంజను ఆపి, పెడలును ఐదారు సార్లు తొక్కి వదలాలి. నిల్వ ఉన్న శూన్యం ఖర్చయి పెడలు గట్టిపడుతుంది. అప్పుడు పెడలు తొక్కిపట్టి ఇంజను స్టార్టు చేయాలి. పెడలు కాలి కింద కొంచెం దిగితే గాలి సాయం అందుతున్నదన్నమాట. ఏమీ కదలకపోతే సాయం అందడం లేదు.

రెండవది: ఇంజను ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆపివేయాలి. కొంతసేపు ఆగి పెడలు తొక్కాలి. మొదటిసారి లోతుగా, తరువాత క్రమంగా పైపైననే ఆగితే బూస్టరు శూన్యాన్ని నిల్వ ఉంచుకొంటున్నది. మొదటి తొక్కుకే గట్టిగా ఉంటే శూన్యం ఎక్కడో కారిపోతున్నది.

మూడవది: ఇంజను నడుస్తుండగా పెడలు తొక్కిపట్టి, వదలకుండానే ఇంజను ఆపాలి. అర నిమిషం పాటు పెడలు కాలిని పైకి నెట్టకూడదు. నెట్టితే లోపల పొరో కవాటమో చెడినది. పెడలు తొక్కినప్పుడు కాళ్ళ దగ్గర బుస్సుమనే శబ్దం ఆగకుండా వినిపిస్తే ఈ అనుమానం మరింత బలపడుతుంది.

సాయం లేదని తేలిన పిదప, లోపం ఎక్కడున్నదో వెదకడానికి శూన్యం పుట్టిన చోటు నుండి అది పనిచేసే చోటు వరకు వరుసగా పోవాలి. బెల్టు తెగినదా, జారుతున్నదా? పంపు, ఆల్టర్నేటరు ఒకే బెల్టు మీద ఉన్న బండిలో పెడలు గట్టిపడడం, బ్యాటరీ ఎర్రదీపం వెలగడం ఒకేసారి జరిగితే మొదట చూడవలసినది బెల్టునే. బెల్టు బాగుంటే, ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా బూస్టరు వైపు గొట్టాన్ని విడదీసి, దాని కొనను బొటనవేలితో మూయాలి. వేలు గట్టిగా అంటుకొంటే శూన్యం అక్కడి దాకా వస్తున్నది, లోపం బూస్టరుది. అంటుకోకపోతే లోపం పంపులోనో, గొట్టంలోనో, మధ్యనున్న వన్‌వే వాల్వులోనో ఉన్నది. వేసవి ఎండకూ ఇంజను వేడికీ రబ్బరు గొట్టం బీటలు వారుతుంది. ఒక్కొక్కప్పుడు లోపలి పొర ఊడి దారి మూసివేస్తుంది. వన్‌వే వాల్వు గాలిని బూస్టరు నుండి పంపు వైపునకే పోనివ్వాలి. రెండు వైపులా పోనిస్తే మార్చాలి.

మూడు పరీక్షలలోనూ బూస్టరు నెగ్గి, అయినా పెడలు గట్టిగానే ఉంటే కారణం చక్రాల వద్దనో, ద్రవంలోనో వెదకాలి. తుప్పు పట్టి ముషలకాలు బిగుసుకోవచ్చు. వేడికి బ్రేకు లైనింగు గాజువలె నునుపెక్కి పట్టు తప్పవచ్చు. మరొక ప్రమాదం తెలిసీ తెలియక చేసే పని వలన వస్తుంది. డాట్ 3, డాట్ 4 అనే గుర్తులు గల బ్రేకు ద్రవానికి బదులు ఇంజను ఆయిలు పోస్తే మాస్టర్ సిలిండరులోని రబ్బరు వాచర్లు ఉబ్బి బిగుసుకొంటాయి. అట్టి బండికి ద్రవం మార్చితే చాలదు, ద్రవం తాకిన రబ్బరు భాగాలన్నీ మార్చాలి.

వాలు మీద ఇంజను ఆపితే

మధిర చుట్టూ ఉన్నది మైదానమే. కాని ఇక్కడి బండ్లు మైదానానికే పరిమితం కావు. కొత్తగూడెం, పాల్వంచల మీదుగా పోయి, గోదావరి దాటి భద్రాచలం చేరి, చింతూరు పోతే, అక్కడ నుండి మారేడుమిల్లి ఘాటు రోడ్డు మొదలవుతుంది. అడవి నడుమ మలుపుల మీద మలుపులు తిరిగే దారి అది. వాలు కనబడగానే డీజిలు మిగులుతుందని ఇంజను ఆపి బండిని జారనిచ్చే అలవాటు కొందరు డ్రైవర్లకు ఉన్నది.

ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. బూస్టరులో మిగిలిన శూన్యం రెండు మూడు తొక్కులకు సరిపోతుంది. నాలుగవ మలుపు దగ్గరకు వచ్చేసరికి పెడలు రాయి అవుతుంది. గేరులో ఉన్న ఇంజను బండిని పట్టి ఉంచే సాయమూ అప్పటికే పోయినది. ఇంతకూ మిగిలినది ఏమిటి? ఇంధనాన్ని ఎలక్ట్రానికు పద్ధతిలో అందించే నేటి ఇంజనులలో, బండిని గేరులో ఉంచి యాక్సిలరేటరు మీద నుండి కాలు తీస్తే, దిగుడులో ఇంధనం సాధారణంగా దానంతట అదే ఆగుతుంది. ఇంజను ఆపి మిగిల్చేది దాదాపు శూన్యం. పోగొట్టుకొనేది బూస్టరులోని శూన్యం.

నడుస్తున్న బండిలో పెడలు హఠాత్తుగా గట్టిపడితే చేయవలసినది ఏమిటో ఇప్పుడు పాఠకులే చెప్పగలరు. పెడలు లోతుకు దిగిపోయే జబ్బులో ద్రవం కారుతున్నది, లేదా గొట్టాలలో గాలి చేరినది. అప్పుడు పదేపదే వదలి తొక్కితే కొంత ఒత్తిడి కూడుతుంది. గట్టిపడిన పెడలును అట్లు వదలి తొక్కరాదు. వదలిన ప్రతిసారీ మిగిలిన శూన్యంలో కొంత ఖర్చవుతుంది. ఒకేసారి, బలమంతా పెట్టి, వదలకుండా తొక్కాలి. ఒక్కొక్క గేరే తగ్గిస్తూ, చేతి బ్రేకును మెల్లమెల్లగా లాగుతూ బండిని నిలపాలి. గట్టిపడినా పెడలు పూర్తిగా చావలేదు. దాని కడ్డీ బూస్టరు గుండా మాస్టర్ సిలిండరును ఇంకా తాకుతూనే ఉన్నది. సాయం పోయినదే గాని దారి తెగలేదు.

ఆర్మాలో విడిపోయిన బోగీలకు ఆ దారి కూడా లేకపోయినది. శూన్యం పోతే బండి తానే ఆగే తలక్రిందుల ఏర్పాటు ఆ తరువాత ప్రయాణికుల రైళ్ళకు తప్పనిసరి అయినది. పికప్పు బూస్టరు మాత్రం నేటికీ పాత రకానికే దగ్గర. ఇందులో శూన్యం ఉంటేనే సాయం. పోతే భారం కాలి మీద పడుతుంది. రైలులో యంత్రమే చేసే జాగ్రత్తను ఇక్కడ డ్రైవరు చేయాలి. అందుకే గట్టి పెడలును బలమైన బ్రేకుగా ఎంచక, సాయం కోరుతున్న బ్రేకుగా గుర్తించాలి. బస్తాలు ఎత్తక మునుపు, ఉదయం ఇంజను స్టార్టు చేసేటప్పుడు పెడలు మీద కాలు ఉంచి అది దిగుతున్నదో లేదో చూడడానికి అర నిమిషం చాలు.